రోజూ ఈతకెళ్లి తడి టవల్ కారులోనే పెడుతున్నాను, వాసన రాకుండా ఏం చేయాలి?

ప్రశ్న: ఉండేది కర్నూలు. పొద్దున ఈతకెళ్లి అటునుంచి అటే ఆఫీసుకు పోతాను. తడి టవల్, బట్టలు సాయంత్రం దాకా డిక్కీలోనే ఉంటాయి. కవరులో పెట్టి మూతి గట్టిగా కట్టినా కారంతా ముక్కిన వాసన. కారుకు ఏమైనా నష్టమా?

జవాబు: కవరు మూతి కట్టడం వల్లే ఆ వాసన. మా ఇంట్లోనూ ఇదే గొడవ ఉండేది. పిల్లల ఈత క్లాసులు ఒకవైపు, మంత్రాలయం వెళ్లినప్పుడల్లా తుంగభద్రలో మునిగాక మిగిలే తడి పంచెలు, చీరలు ఇంకోవైపు. వాటిని ఎమ్మిగనూరు మీదుగా ఇంటిదాకా తేవాలి కదా. ఆ గంటా రెండు గంటలకైతే కవరు బాగానే పనికొస్తుంది. మీలా పొద్దున్నించి సాయంత్రం దాకా అంటే మాత్రం కుదరదు. బయట 40 డిగ్రీలు ఉంటే, అద్దాలెత్తి ఎండలో నిలిపిన కారు లోపల గంటలో 60 దాకా పోతుంది. అంత వేడికి కవరులో తడి ఆవిరవుతుంది, బయటికి దారి లేక మళ్లీ గుడ్డకే పడుతుంది. గుడ్డలో మిగిలిన చెమట, చర్మపు జిడ్డు తిని బ్యాక్టీరియా పెరుగుతుంది. వాసన దానిదే.

ఇక్కడ ఒక చిక్కుంది. గుడ్డకు గాలి కావాలి, కారుకేమో నీళ్లు కింద పడకూడదు. కవరు కట్టేస్తే కారు బాగుంటుంది, గుడ్డ చెడుతుంది. విప్పి పరిస్తే గుడ్డ బాగుంటుంది, ఆ తడి కారుకు పడుతుంది. కాబట్టి అసలు పని కారెక్కక ముందే సగం అయిపోవాలి.

పూల్ దగ్గర బట్టలను ముందు మంచినీళ్లలో జాడించండి, క్లోరిన్ పోతుంది. గట్టిగా పిండాక ఇంకో పొడి తువ్వాలులో చాపలా చుట్టి, దాని మీద మోకాలుతో అదమండి. చేత్తో పిండితే రాని నీళ్లు కూడా పొడి గుడ్డకు వచ్చేస్తాయి. ఈత డ్రస్సు నైలాన్, లైక్రా కాబట్టి పెద్దగా నీళ్లు పట్టదు. నీళ్లన్నీ మోసేది టర్కీ టవలే. నా మాట విని దాన్ని ఇంట్లో పెట్టేసి పల్చటి చేనేత తువ్వాలు తీసుకెళ్లండి. ఎమ్మిగనూరు మనకు పక్కనే ఉంది. ఒళ్లు తుడుచుకోవడానికి మొదట్లో చాలదనిపిస్తుంది, తర్వాత అలవాటవుతుంది. ఈ ఒక్క మార్పుతోనే మా ఇంట్లో సగం గొడవ పోయింది.

ఇక డిక్కీ. కూరగాయల మార్కెట్లో కనబడే టమాటా క్రేటు ఒకటి సంపాదించండి. నాలుగు వైపులా కంతలుంటాయి కాబట్టి గాలి ఆడుతుంది. దాని కింద అంచులున్న ప్లాస్టిక్ ట్రే పెట్టి, బట్టలను క్రేటు అంచుల మీద విడివిడిగా వేయండి, ముద్దగా పడేయొద్దు. కారు చిన్నదైతే వెనక డిక్కీని పైనుంచి కప్పే పలక (పార్సిల్ ట్రే) తీసేస్తే డిక్కీ గాలి, లోపలి గాలి ఒకటవుతాయి. బండి చెట్టు నీడన పెట్టి, ఎదురెదురు అద్దాలు వేలు దూరేంత దించండి. తలుపుల పైన చూరులాంటి ప్లాస్టిక్ వైజర్లు ఉంటే ఆ సందు బయటికి కనబడదు కూడా. ఎండాకాలంలో మన సీమ గాలి ఎంత పొడిగా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, మధ్యాహ్నానికల్లా ఆరిపోతాయి. దుమ్ము పడుతుందంటారా, పడుతుంది. నాకైతే దుమ్మే నయం, గుడ్డతో తుడిస్తే పోతుంది.

సీటు వీపు మీద ఆరేయడం, సీటు కింద తోసేయడం మాత్రం వద్దు. సీటు ఫోమ్ నీళ్లు తాగితే పైన ఆరినట్టే ఉంటుంది, లోపల ఆరదు. ముందు సీట్ల కింద చాలా కార్లలో పసుపు రంగు కనెక్టర్లు ఉంటాయి. అవి ఎయిర్‌బ్యాగులకు సంబంధించినవి. తడికి తుప్పు పట్టాయంటే డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, ఆ టెన్షన్ మనకెందుకు?

నష్టం గురించి అడిగారు కదా. ఆవిరి వల్ల అద్దాలు మసకబారడమే ఎక్కువ, దానికి కంగారు పడక్కర్లేదు. అసలు ప్రమాదం కారిన నీళ్లు కార్పెట్ కిందికి దిగడం. దాని కింద దళసరి ఫోమ్, ఆ కింద ఇనుప రేకు ఉంటాయి. 2009 అక్టోబరు వరదలో మునిగిన కార్లను మా వీధిలో చూశాను. పైపైన కడిగి ఆరబెట్టినవాటిలో బురద వాసన చాన్నాళ్లు పోలేదు. సీట్లు, కార్పెట్ ఊడదీసి ఎండలో వేసినవాళ్లే గట్టెక్కారు. మీది అంత పెద్ద తడి కాదు కానీ, రోజూ కొంచెం కొంచెం కారితే చేరేది అక్కడికే. ఇప్పుడే డిక్కీ మ్యాటు ఎత్తి, స్టెప్నీ తీసి గుంటలో చెయ్యి పెట్టి చూడండి. జాకీకి తుప్పు కనబడితే నీళ్లు ఎప్పట్నుంచో దిగుతున్నట్టే.

చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచి కారులో వేసేవాళ్లున్నారు. ఆ జెల్ తన బరువులో మూడో వంతు నీళ్లు పీలిస్తే గొప్ప. తడి టవల్‌లో పావు లీటరు నీళ్లున్నాయనుకుంటే ముప్పావు కిలో జెల్ కావాలి, నాలుగు గ్రాముల పొట్లం ఏ మూలకు? పర్ఫ్యూమ్ డబ్బాలు, కర్పూరం కూడా అంతే. ముక్కిన వాసనకు మల్లెపూల వాసన కలిస్తే ఇంకా వికారం.

ఇప్పటికే పట్టిన వాసనకు ముందు తడి పూర్తిగా ఆరాలి. సెలవు రోజున తలుపులు, డిక్కీ తెరిచి ఎండలో ఉంచండి. బాగా ఆరాక కార్పెట్ మీద వంటసోడా చల్లి, రాత్రంతా వదిలి, పొద్దున వాక్యూమ్ పట్టండి. తడి మీద చల్లితే ముద్ద కట్టి ఇంకో పని పెడుతుంది.

సాయంత్రం బండి తీసేటప్పుడు కాసేపు తలుపులు తెరిచి, ఏసీని బయటి గాలి తీసుకునే మోడ్‌లో పెట్టండి. లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కి ఉంటే చెమ్మ పోవడానికి ఆలస్యమవుతుంది. ఏసీ వేసిన మొదటి నిమిషంలోనే వాసన గుప్పుమంటుంటే అది మీ టవల్ పాపం కాదు. గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్‌కో, ఏసీ కాయిల్‌కో మురికి పట్టి ఉంటుంది, ముందు ఫిల్టర్ మార్పించండి. ఇల్లు ఇంకో రెండు మూడు నిమిషాల్లో వస్తుందనగా ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రం తిరగనిస్తే కాయిల్ మీద తడి కొంత ఆరుతుంది.

ఇదంతా ఎండలున్న రోజుల మాట. ముసురు పట్టిన రోజుల్లో అద్దాలు దించలేరు, బట్టలూ ఆరవు. అప్పుడు కారులో వదలకండి. ఆఫీసు బండ్ల షెడ్డులోనో మెట్ల కిందో ఏదో ఒక కమ్మీ ఉంటుంది, వాచ్‌మన్‌కు చెప్పి దాని మీద ఆరేయండి.