డెక్సా పరీక్షలో కార్టిసాల్ 4.2: ముందు మాత్రల పట్టీ చూడండి

డెక్సా పరీక్షలో రాత్రి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వేసుకుంటే, ఉదయానికి రక్తంలో కార్టిసాల్ అనే హార్మోను బాగా తగ్గాలి. మాత్ర వేసుకున్నా మీ అక్కగారి కార్టిసాల్ 4.2 వచ్చిందంటే, మోతాదు సగమే పడిందేమోనని నా అనుమానం. కుషింగ్ (ఒంట్లో కార్టిసాల్ ఎక్కువయ్యే జబ్బు) అని అప్పుడే తేల్చుకోకండి.

1. పట్టీ వెనక చదవండి. మందుల షాపులో సాధారణంగా ఇచ్చేది 0.5 మిల్లీగ్రాముల మాత్ర. పరీక్షకు కావలసింది 1 మిల్లీగ్రాము, అంటే రెండు మాత్రలు. చీటీలో "డెక్సా 1" అని చూసి ఒక్కటే మింగేవాళ్లు ఉంటారు.

2. మాత్ర రాత్రి 11–12 మధ్య, రక్తం ఉదయం 8–9 మధ్య. ములుగు నుంచి బస్సులో వచ్చేవారైతే ముందురోజే హనుమకొండ చేరడం మేలు.

3. గర్భనిరోధక మాత్రలు అంకెను పెంచి చూపిస్తాయి. కొన్ని ఫిట్స్ మందులు డెక్సాను నిలవనివ్వవు. డాక్టరుకు చెప్పండి, సొంతంగా ఆపకండి.

సరిగ్గా చేసినా కార్టిసాల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములు దాటితే ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) అర్ధరాత్రి లాలాజల పరీక్ష, 24 గంటల మూత్ర పరీక్ష రాయవచ్చు. ఏసీటీహెచ్ (కార్టిసాల్ తయారీని నడిపించే హార్మోను) పరీక్ష వంతు ఆ తర్వాతే.