డిగ్రీ కాలేజీ నుంచి సమ్మర్ రీసెర్చ్‌కి వెళ్లొచ్చా?

ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ ఎంపీసీ రెండో ఏడాది చదువుతున్నాను, సమ్మర్ రీసెర్చ్ ప్రోగ్రాములు ఐఐటీ వాళ్లకేనా అని ఒక విద్యార్థి అడిగారు. కాదండీ. నేనూ అలాంటి కాలేజీ నుంచే వెళ్లాను, కాకపోతే రెండోసారి అప్లై చేస్తే వచ్చింది.

ముందు మన దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్ చూడండి. రెండు నెలలు ఏదో ఒక ల్యాబ్‌లో పని, స్టైపెండ్ ఉంటుంది. అప్లికేషన్లు మాత్రం సాధారణంగా ముందు ఏడాది నవంబరుతోనే ముగుస్తాయి, మనవాళ్లు చాలామంది మార్చిలో వెతకడం మొదలుపెట్టి నష్టపోయేది ఇక్కడే. ముంబైలో హోమీ భాభా సెంటర్ డిగ్రీ విద్యార్థుల కోసం నడిపే సైన్స్ ప్రోగ్రాం నియస్ (NIUS) కూడా బీఎస్సీ వాళ్లకి మంచిది. అమెరికాలో డిగ్రీ విద్యార్థులకిచ్చే సమ్మర్ రీసెర్చ్ ప్రోగ్రాములు, అంటే ఆర్‌ఈయూల (REU) మీద టైం పెట్టకండి, అక్కడి ప్రభుత్వ సైన్స్ నిధుల సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ డబ్బుతో ఇచ్చే సీట్లు అక్కడి పౌరులకీ గ్రీన్‌కార్డు వాళ్లకే.

అసలు పని అప్లికేషన్‌లో మన గురించి రాసే రైటప్‌తోనే. మొదటిసారి నేను "చిన్నప్పటి నుంచీ ఫిజిక్స్ అంటే ప్రాణం, బ్లాక్ హోల్స్ మీద పనిచేయాలనుంది" అని రాశాను. రాలేదు. మరుసటి ఏడాది మా ల్యాబ్‌లో చేసిన న్యూటన్స్ రింగ్స్ ప్రయోగం గురించి రాశాను, గాజు పలక మీద లెన్స్ పెట్టి వెలుగు వేస్తే కనిపించే వెలుగు చీకటి రింగులన్నమాట. మధ్యలో నల్లగా ఉండాల్సిన చుక్క మాకు వెలుగుతూ కనిపించింది, లెన్స్ ఎంత తుడిచినా అంతే, అయినా రింగుల వ్యాసాల వర్గాల తేడాతో లెక్కకడితే లెన్స్ వక్రతా వ్యాసార్ధం సరిగ్గానే వచ్చింది. ఎందుకంటే దుమ్ము వల్ల లెన్స్‌కీ పలకకీ మధ్య పెరిగిన సందు అన్ని రింగులకీ ఒకేలా కలుస్తుంది కాబట్టి తీసివేతలో పోతుంది. ఇది నేనే కూర్చుని తేల్చుకున్నది, అదే రాశాను, సీటు వచ్చింది.

అక్కడా గొప్ప సిద్ధాంతాలేం చేయలేదు. మొదటి రెండు వారాలు ఫోటోడయోడ్ (వెలుగుని కరెంటు సిగ్నల్‌గా మార్చే చిన్న పరికరం) సిగ్నల్‌లో సెకనుకి 100 సార్లు వస్తున్న అల ఎక్కడిదా అని వెతకడంతోనే సరిపోయింది. సర్క్యూట్ మొత్తం విప్పి మళ్లీ బిగించాం. చివరికి చూస్తే పైనున్న ట్యూబ్‌లైట్! మన కరెంటు 50 హెర్ట్జ్, వెలుగు దానికి రెట్టింపు మిణుకుతుంది. లైటు ఆర్పగానే స్క్రీన్ మీద గీత నిలకడగా నిలబడింది, ఆ క్షణం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. అక్కడ పనికొచ్చేది ఇలా ఓపిగ్గా వెతకడమే, అందుకే చెబుతున్నా, మీకు మార్కులు కాస్త తక్కువున్నా అప్లై చేయండి.

ఇంకో మాట, రికమెండేషన్ లెటర్ కోసం మీ లెక్చరర్‌ని అక్టోబరులోనే అడగండి, మీ రికార్డు చూపించి మరీ అడగండి. నాకు ఆ లెటర్ చివరి రోజు రాత్రి పదింటికి అప్‌లోడ్ అయ్యింది, ఆ టెన్షన్ మీకొద్దు.