నీటిమూట

గవర్నర్‌పేట, విజయవాడ

నాయనా,

గుంటూరు నుంచి నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. బాగుంది. మేనమామ దగ్గర మాత్రం ఆగిపోయాను. ‘ఆయన నమ్మదగని వ్యక్తి’ అని రాశావు. ఇళ్లల్లో మేనమామని ఎవరైనా అలా అంటారా? మీ అమ్మైతే ‘వాడి మాటలన్నీ నీటిమూటలే’ అనేసి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

ఈ మాటని పేపర్లవాళ్లు అరగదీశారు. ఎన్నికలైతే చాలు, ‘నీటిమూటలైన హామీలు’ అని హెడ్డింగ్. అరిగిందని పారేయకు, ఒకసారి విప్పి చూడు. వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్ దగ్గర మూటలు కట్టేవాళ్లని చూశావా? నాలుగు చెంగులూ లాగి, మోకాలు పెట్టి నొక్కి ముడేస్తారు. అదే గుడ్డలో నీళ్లు మూటగడితే? ముడి గట్టిదే, ఇల్లు చేరేసరికి తడిగుడ్డ మిగులుతుంది. నీళ్లు నిలవాలంటే ఆనకట్ట కావాలి. మన కృష్ణకి 1855లో ఒకటి కట్టారు, దాని తర్వాత 1957లో ప్రకాశం బ్యారేజీ. మాటకి ‘కట్టుబడ్డాడు’ అంటామే, అందులో ఉన్నదీ ఆ కట్టే.

నా మొదటి పుస్తకం స్వరాజ్ మైదానంలో పుస్తకాల పండగకి అందిస్తానన్నాడు ఓ ప్రెస్సాయన. ఎప్పుడెళ్లినా ‘ఎల్లుండికి గ్యారంటీ అండీ’ అంటూ టీ తెప్పించేవాడు. ఎనిమిది టీలు తాగాను. పండగ అయ్యాక వచ్చింది పుస్తకం, అట్ట మీద నా ఇంటిపేరు తప్పుతో సహా. ఆయన మోసగాడు కాదు. చెప్పేటప్పుడు తనూ నమ్మే చెప్పేవాడు. నా లెక్కలో అదీ నీటిమూట. కావాలని మోసం చేసేవాడి గురించి ఈ మాట వాడితే తేలిపోతుంది.

ఇంకోటి, అది మాటకే సరిపోతుంది, మనిషికి కాదు. మనిషైతే గాలివాటం. ఎటు లాభమో చూసి దూకుదామని కూర్చుంటే గోడ మీద పిల్లి. నీ కథలో మేనమామకి అంత తెలివి నువ్వు ఇవ్వలేదు.

అసలు ఇవేవీ లేకపోయినా నడుస్తుంది. మేనమామ సైకిల్ తెస్తానన్న రోజు పిల్లాడు పక్కింట్లో గాలిపంపు అడిగి తెచ్చుకుని గుమ్మంలో కూర్చుంటాడు, నీ రెండో పేజీలోనే. చీకటి పడ్డాక పంపు తిరిగిచ్చేస్తాడు. అది రాసిన చేత్తో మళ్లీ ‘నమ్మదగని’ ఎందుకయ్యా? కొట్టెయ్.

తిరగరాసి మంగళవారం పంపుతానన్నావు. ఏ మంగళవారమో రాయలేదు.