తెర మీద ఎప్పుడూ ఎర్రర్లే... కోర్సు మార్పించాలా?

ప్రశ్న: మాది గుంటూరు, అరండల్‌పేట. మా అబ్బాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. ఐదు నెలలుగా శని, ఆదివారాల్లో విజయవాడ వెళ్లి, వెబ్‌సైట్లు తయారుచేసే జాంగో అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నాడు. ఎప్పుడు చూసినా తెర మీద 404, 500 అంటూ తప్పులే. మా ఆడపడుచు కొడుకు ఏఐ కోర్సులో చేరాడు. మావాడిని కూడా ఇది మాన్పించి అందులో చేర్చాలా? ఫీజు లక్షన్నర. బంగారం తాకట్టు పెట్టాలి. రెండింటినీ పోల్చి చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు ఆ బంగారాన్ని బీరువాలోనే ఉంచండి.

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరున్న మా ఆఫీసుకు ఇదే ప్రశ్నతో వచ్చే తల్లిదండ్రులను ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. ఒకప్పుడు వేరే కోర్సుల పేర్లు చెప్పేవారు, ఇప్పుడు ఏఐ అంటున్నారు. అడిగేది మాత్రం ఒకటే: మా పిల్లవాడు వెనకబడిపోతున్నాడా? మీ ఉత్తరంలోనూ నాకు అదే వినిపించింది. దానికి నా జవాబు, లేదు.

మీకు తప్పులుగా కనిపిస్తున్నవి సర్వర్, అంటే వెబ్‌సైటును నడిపే కంప్యూటర్, చెప్పే జవాబులు. బ్రౌజర్ ఒక పేజీ అడుగుతుంది, అది రిక్వెస్ట్. సర్వర్ పంపేది రెస్పాన్స్. ప్రతి రెస్పాన్స్‌కూ మూడంకెల సంఖ్య ఉంటుంది. 200 అంటే అడిగింది ఇచ్చాను, 302 అంటే ఫలానా చిరునామాకు వెళ్లు, 403 అంటే నీకు అనుమతి లేదు, 404 అంటే ఆ చిరునామాలో ఏమీ లేదు. 500 వస్తే సర్వర్‌లో నడిచే కోడే ఎక్కడో ఆగిపోయిందని అర్థం. నేర్చుకునే దశలో జాంగో ఏ ఫైలులో, ఎన్నో వరుస దగ్గర ఆగిందో కూడా తెర మీద చూపిస్తుంది. మీ అబ్బాయి కూర్చుని చదువుతున్నది ఆ పేజీనే. రోజూ అది కనిపిస్తోందంటే రోజూ కోడ్ రాస్తున్నాడని అర్థం.

అతనికి అసలు పరీక్ష ఇంకా ముందుంది. సైటును జనానికి ఇచ్చేటప్పుడు తప్పుల వివరాలను ఇలా తెర మీద చూపించే డీబగ్ అనే సెట్టింగును ఆపేయాలి. లేకపోతే లోపలి కోడ్ ముక్కలు ముక్కూమొహం తెలియనివారికి కూడా కనిపిస్తాయి. ఆపగానే కొత్త చిక్కులు వస్తాయి. అనుమతించిన పేర్ల జాబితాలో సైటు పేరు లేకపోతే ప్రతి రిక్వెస్ట్‌కూ 400 వస్తుంది. తన కంప్యూటర్‌లో చక్కగా కనిపించిన రంగులు, బొమ్మలు మాయమవుతాయి. చాలామంది పిల్లలు ఇక్కడే బెంబేలెత్తి, తమకు చదువు రాదనుకుని నా దగ్గరికి వస్తారు. 404కూ 500కూ సొంత పేజీలు రాయడం కూడా ఇక్కడే నేర్చుకోవాలి. మనం రాసిన ఆ 500 పేజీకి జాంగో మామూలుగా ఏ వివరాలూ అందించదు. అప్పటికే ఏదో విరిగింది కాబట్టి, ఆ పేజీ దేని మీదా ఆధారపడకుండా నిలబడాలని. ఇంత జాగ్రత్త తెలిసిన కుర్రవాడికి పని అప్పగించడానికి ఎవరూ వెనకాడరు.

ఇక ఏఐ కోర్సు. ఆ విద్య మీద నాకు గౌరవం ఉంది. మూడు నెలల్లో నేర్పిస్తామనే ప్రకటనల మీద లేదు. అక్కడ చేరి వచ్చిన పిల్లల ప్రాజెక్టులు చూశాను. ఎక్కువ వాటిలో ఉన్నది ఎవరో తయారుచేసిన మోడల్‌కు, అంటే జవాబులిచ్చే ఏఐ ప్రోగ్రాముకు, ఒక ప్రశ్న పంపి, వచ్చిన జవాబును చూపించడమే. అంటే మళ్లీ రిక్వెస్ట్, రెస్పాన్సే. మోడల్ సేవ నుంచి 'మరీ ఎక్కువసార్లు అడిగారు' అని 429 వస్తే ఏం చేయాలి, గడువు దాటినా జవాబు రాకపోతే వాడుకరికి ఏం చూపించాలి అని అడిగితే తలదించుకున్నారు. అది మీ అబ్బాయి ఇప్పుడు నేర్చుకుంటున్న పాఠమే. నిజంగా మోడళ్ల లోతుకు వెళ్లాలంటే సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా లాంటి గణితం కావాలి. వాటికి బీటెక్ పుస్తకాలున్నాయి, ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ఆసక్తి గట్టిదైతే ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్షలో 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి ప్రత్యేక పేపరే ఉంది. వీటిలో దేనికీ తాకట్టు అక్కర్లేదు.

మీరు పోల్చమన్నది రెండు కోర్సులనే. కానీ ఉత్తరం నిండా పోల్చింది ఇద్దరు పిల్లలను. అది నాకు నచ్చలేదమ్మా. ఆడపడుచు కొడుకు ఏ కోర్సులో చేరాడో రాశారు, మీ అబ్బాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా? వెనక నిలబడి తెర చూసి నిట్టూర్చే తల్లి ముందు ఏ పిల్లవాడూ తనకు రానిది రాదని చెప్పడు. ఎర్రర్ వస్తే దాచుకుంటాడు. ఈ పనిలో దాచుకునే అలవాటు చాలా చెడ్డది.

ఈ ఆదివారం అతను విజయవాడ నుంచి వచ్చి భోంచేశాక పక్కన కూర్చోండి. లేని పేజీని ఎవరైనా అడిగితే నీ సైటు ఏం చెబుతుంది, నాకు చూపించు అనండి. చూపించి, ఎందుకలా రాశాడో మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే కోర్సు మార్చే మాటే వద్దు. చెప్పలేకపోతే కోప్పడకుండా ఇద్దరూ కలిసి నా దగ్గరికి రండి. ఎక్కడ ఆగిపోయాడో అతని కోడ్ ముందు పెట్టుకునే చూద్దాం.