టెక్ సందేహాలు: తాతగారి కెమెరాకు ఉన్ని దారం, చెవి మిషన్ బ్యాటరీ

ప్రశ్న: మా తాతగారి పెంటాక్స్ కె1000లో కలర్ రోల్ వేసి తీస్తే చాలా ఫొటోల్లో ఒక పక్కన నారింజ రంగు చార వచ్చింది. వెనక తలుపు తీస్తే వేలికి నల్లటి జిగురు అంటుకుంటోంది. స్పేర్ పార్ట్స్ దొరుకుతాయా?
– ఏలూరు పాఠకుడు

ఆ జిగురు ఒకప్పుడు ఫోమ్. తలుపు సందుల్లోంచి వెలుతురు దూరకుండా పెట్టిన సీల్ అది, ఏళ్లు గడిచేకొద్దీ తారులా కరిగిపోతుంది. కె1000 తయారీ 1997లోనే ఆగిపోయింది కాబట్టి కరగడం మామూలే. చార రంగు కూడా అదే చెబుతోంది. కలర్ ఫిల్మ్‌కి వెనకవైపు నుంచి వెలుతురు తగిలితే ముందు దొరికేది ఎరుపును పట్టే పొర. అనుమానం తీరాలంటే వచ్చే రోల్ ఎక్కించాక తలుపు అంచుల చుట్టూ నల్ల ఇన్సులేషన్ టేప్ వేయండి. చార రాలేదంటే దొంగ దొరికినట్టే.

దీనికి కెమెరా షాపు అక్కర్లేదు. కెమెరా వెనక భాగం నేలవైపు ఉండేలా పట్టుకుని గాడిలోని జిగురును టూత్‌పిక్‌తో గీకండి. అలా పట్టుకుంటే ముక్కలు షట్టర్ బట్ట మీద పడవు. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండిన ఇయర్‌బడ్‌తో తుడిచి, గాడి పొడవునా నల్ల ఉన్ని దారం కూరండి. తలుపు కీలు దగ్గర మాత్రం సన్నటి నల్ల ఫోమ్ పట్టీ అంటించాలి. తలుపు కాస్త బిగువుగా పడాలి, బలం పెట్టి నొక్కాల్సి రాకూడదు.

లోపల అద్దం పైన ఉండే ఫోమ్ జోలికి వెళితే జాగ్రత్త. ఆ అద్దానికి పూత పైవైపే ఉంటుంది, గట్టిగా తుడిస్తే గీతలు పడతాయి. పైనున్న స్క్రీన్ (వ్యూఫైండర్‌లో మనం చూసే బొమ్మ పడే పలక) చాలా కెమెరాల్లో ప్లాస్టిక్‌ది. ఓసారి అత్యుత్సాహంతో దానికి ఆల్కహాల్ రాశాను. ఆ మసక ఇప్పటికీ అలాగే ఉంది.

లివర్, గేరు లాంటివి విరిగితే మాత్రం అదే మోడల్‌లో పాడైన బాడీ కొని, అందులోంచి తీసుకోవడమే దారి. మీకు కావాల్సిన ముక్క ఉందో లేదో కొనేముందే ఫొటో తెప్పించుకోండి. స్క్రూడ్రైవర్ జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకానిదే వాడండి. జపాన్ స్క్రూల మీద మామూలు ఫిలిప్స్ సరిగ్గా కూర్చోదు, తల అరిగిపోతుంది.

ప్రశ్న: కేనన్ కేనొనెట్ క్యూఎల్17 జీ3కి 625 మెర్క్యురీ బ్యాటరీ ఎక్కడా లేదంటున్నారు.
– వరంగల్ పాఠకురాలు

ఇక దొరకదు. పాదరసం వల్ల వాటి తయారీ ఆపేశారు. దాని వోల్టేజీ 1.35. అదే సైజు ఆల్కలైన్ వేస్తే 1.5తో మొదలై తగ్గుతూ పోతుంది, వెలుతురు కొలిచే మీటర్ లెక్క తప్పుతుంది. చెవి మిషన్లు అమ్మే చోట 675 నంబరు జింక్-ఎయిర్ బ్యాటరీ అడగండి. అది 1.4 వోల్టులు. సైజు చిన్నది కాబట్టి చుట్టూ రబ్బరు రింగు పెట్టండి, గాలి రంధ్రాలు మాత్రం మూసుకుపోకూడదు. ఆ రంధ్రాల మీది స్టిక్కర్ పీకాక వాడినా వాడకపోయినా కొద్ది వారాలకే అయిపోతుంది.

బ్యాటరీ లేకుండా ‘ఎ’ (ఆటో) మీద షట్టర్ పడటం లేదని కంగారుపడకండి. రింగును ‘ఎ’ నుంచి తప్పించి ఎపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు) మీరే పెడితే పడుతుంది. ముందు అది చూసుకుని, తర్వాతే బ్యాటరీకి డబ్బు పెట్టండి.