మొలల ఆపరేషన్ క్లెయిమ్ రిజెక్ట్ అయింది, కేస్ షీట్‌లో 'మూడేళ్ల నుంచి' అని ఉందట

డౌట్: సార్, 2022 జూన్‌లో ఫ్యామిలీ హెల్త్ పాలసీ తీసుకున్నా, ఏటా కడుతున్నా. 2025 ఫిబ్రవరిలో పైల్స్‌కి లేజర్ ఆపరేషన్ అయింది, పొద్దున చేరి సాయంత్రానికి ఇంటికొచ్చేశా, బిల్లు 78 వేలు. 24 గంటలు ఆస్పత్రిలో లేరు, పైగా పాలసీకి ముందే ఉన్న జబ్బు దాచారు, కేస్ షీట్‌లో మూడేళ్ల నుంచి అని ఉంది అంటూ కంపెనీ రిజెక్ట్ చేసింది. అప్పుడప్పుడు రక్తం పడేది నిజమే, వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి ఊరుకునేవాణ్ణి. డాక్టర్ దగ్గరకి వెళ్లింది మాత్రం 2025 జనవరిలోనే. కేసు వేయొచ్చా? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వేయొచ్చు గానీ ముందు అంతదూరం వెళ్లక్కర్లేదు. 24 గంటల సంగతి తేలిగ్గా తేలిపోతుంది, ఒకప్పుడు రెండు మూడు రోజులు పడుకోబెట్టే ఆపరేషన్ ఇప్పుడు పూటలో అయిపోతుంటే దాన్ని డే కేర్ అంటారు, దానికి 24 గంటల షరతు ఉండదు, మీ పాలసీ పుస్తకంలో డే కేర్ అనే మాట ఎక్కడుందో చూసి పేజీ నంబరుతో సహా రాయండి చాలు.

అసలు పేచీ ఆ 'మూడేళ్లు'. ఎలా జరిగి ఉంటుందో నాకు తెలుసు, అడ్మిషన్ టైంలో డ్యూటీ డాక్టర్ ఎన్నాళ్ల నుంచండీ అని అడిగుంటాడు, మీరు భయంలో ఏదో రెండు మూడేళ్ల నుంచి అప్పుడప్పుడూ అనుంటారు, ఆయన 'అప్పుడప్పుడూ' వదిలేసి 3 వేసుకుని వెళ్లిపోయుంటాడు. ఆ మూడేళ్లు వెనక్కి లెక్కేస్తే 2022 ఫిబ్రవరి, అంటే పాలసీకి నాలుగు నెలల ముందు, కంపెనీకి అది చాలు.

కానీ ముందే ఉన్న జబ్బు అంటే ఒంట్లో ఎప్పుడో కనిపించిన ప్రతి లక్షణమూ కాదండి. బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ నిర్వచనం ప్రకారం పాలసీకి ముందు డాక్టర్ ఆ జబ్బని తేల్చి ఉండాలి, లేదా డాక్టర్ దగ్గర సలహానో మందో తీసుకుని ఉండాలి. వేడి చేసిందని మజ్జిగ తాగడం వైద్యం కిందకి రాదు, మీ అమ్మగారు చెప్పారని సబ్జా గింజలు నానబెట్టుకుని తాగినా రాదు. మీరు దాచారని రుజువు చేసుకోవాల్సింది కూడా కంపెనీనే. మొలలు, ఫిషర్, ఫిస్టులాలకి చాలా పాలసీల్లో విడిగా 24 నెలల వెయిటింగ్, అంటే అన్నాళ్లదాకా ఆ జబ్బుకి క్లెయిమ్ ఇవ్వరన్న షరతు, ఉంటుంది, మీది అదే అయితే 2024 జూన్‌తో తీరిపోయింది, ఆపరేషన్ నాటికి 32 నెలలు.

ఒక్కటి మాత్రం నిజం చెప్పుకోండి, నాకు కాదు, మీకు మీరే. 2022 జూన్‌కి ముందు ఏ డాక్టరైనా చూసి చీటీ రాసిచ్చి ఉంటే కథ మారిపోతుంది. ముందే ఉన్న జబ్బుకి వెయిటింగ్ వేరు, అప్పటి పాలసీల్లో 48 నెలల దాకా పెట్టేవారు, 2024 ఏప్రిల్ నుంచి 36కి మించకూడదన్నారు. ఎలా చూసినా మీ 32 నెలలు చాలవు, పైగా దాచారన్న మాట కూడా నిలుస్తుంది.

చీటీ ఏదీ లేకపోతే ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరకి వెళ్లండి. కేస్ షీట్ దిద్దమని అడగొద్దు, కొట్టివేత కనిపిస్తే ఉన్న కేసు కూడా పోతుంది. పైల్స్ అని మొదటిసారి తేలింది 2025 జనవరిలో, అంతకుముందు వైద్యం చేయించుకున్న రికార్డు ఏదీ లేదు, కేస్ షీట్‌లోది పేషెంట్ నోటిమాటగా చెప్పిన అంచనా మాత్రమే అని లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. కేస్ షీట్ కాపీ రాతపూర్వకంగా అడగండి, 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల 2002 నాటి నియమావళిలోనే ఉంది.

ఇవి జత చేసి కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి, అంటే ఫిర్యాదుల విభాగానికి మెయిల్ పెట్టండి, ఐఆర్‌డీఏఐ వాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైట్ బీమా భరోసా పోర్టల్లోనూ వేయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, మళ్లీ కాదన్నా బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, హైదరాబాద్ బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకి వెళ్లండి, రెండు రాష్ట్రాలకీ ఆ ఆఫీసే. ఫీజు లేదు, 50 లక్షల దాకా తేల్చే అధికారం ఉంది, అక్కడ లాయర్‌ని రానివ్వరు కూడా, నా పొట్ట నేనే కొట్టుకుంటూ చెప్తున్నా. ఆయన తీర్పు కంపెనీకి కట్టుబాటు, మీకు కాదు, నచ్చకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఎలాగూ ఉంది. కానీ కమిషన్‌లో ముందే వేసేస్తే అంబుడ్స్‌మన్ తీసుకోరు, అందుకే ఈ వరస.

ఇంకోటి, నాకూ ఈ బాధ తెలుసు. కేసు ఎప్పుడు పిలుస్తారోనని చెక్క బెంచీ మీద పొద్దంతా కూర్చుని, బాత్రూమ్‌కి వెళ్లాల్సొస్తుందని నీళ్లు కూడా తాగకుండా తెచ్చుకున్నా. నీళ్లు, ఆకుకూరలు, కమోడ్ మీద ఫోన్ చూడకపోవడం, నాకు డాక్టర్ చెప్పింది ఇంతే. రక్తం పడితే మాత్రం వేడి అనుకుని ఊరుకోవద్దు, ప్రతి రక్తమూ మొలలది కాకపోవచ్చు.

రిజెక్షన్ లెటర్ మీద తేదీ ఏంటో మీరు రాయలేదు. మీ గ్రీవెన్స్‌ని కంపెనీ కాదన్న రోజు నుంచి అంబుడ్స్‌మన్‌కి ఏడాది, కమిషన్‌కి మామూలుగా క్లెయిమ్ రిజెక్ట్ చేసిన రోజు నుంచి రెండేళ్లు గడువు, ముందు ఆ తేదీ చూసుకోండి.