పెరటికి వాక్కాయ పొదలు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కొత్త ఇంటి పెరట్లో మన నేలకు అలవాటైన పండ్ల పొదలు పెంచాలనుకుంటున్నానని, ఏవి తగినవో చెప్పమని రాశావు. పరికి, కలివి కూడా మనవే అయినా, వంటింటికి అక్కరకు వచ్చేది వాక్కాయ గనుక దానితోనే మొదలుపెట్టమంటాను.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసినది చోటు. వాక్కాయ కొమ్మలకు జంటలుగా గట్టి ముళ్లుంటాయి కాబట్టి పిల్లలు ఆడుకునే వైపున గానీ, బట్టలు ఆరవేసే తీగ దగ్గర గానీ నాటకూడదు. రోజంతా ఎండ తగిలే, వాననీరు నిలవని చోట, ప్రహరీకి కనీసం 6 అడుగులు ఎడంగా నాటితే, పొద ఎదిగాక కూడా కాయ కోయడానికి మనిషి చుట్టూ తిరగగలుగుతాడు. దడిగా కావాలంటే 3 అడుగులకొక మొక్క, కాయల కోసమే అయితే 8 అడుగులకొకటి సరిపోతుంది.

గింజలతో పెంచదలిస్తే, బాగా పండి నల్లబడిన కాయల నుండి తీసి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి వెంటనే విత్తుకో. దాచిపెట్టిన గింజలకు మొలిచే శక్తి త్వరగా తగ్గిపోతుంది. గింజ మొక్క సుమారు మూడో ఏట కాపుకు వస్తుంది, కానీ తల్లి మొక్క కాయ గుణమే దానికి వస్తుందన్న హామీ లేదు. అందుకే నర్సరీలో అంటు మొక్క దొరికితే కొన్ని రూపాయలు ఎక్కువైనా అదే తీసుకో. తొలకరిలో నాటి, మొదటి రెండు వేసవులూ నీరు పోస్తే చాలు, ఆ తరువాత అది ఎండకు ఓర్చుకుంటుంది.

కత్తిరింపు మాత్రం అశ్రద్ధ చేయకు. వానాకాలంలో కాపు ముగిశాక ఎండు కొమ్మలను, ఒకదానిపై ఒకటి పడిన కొమ్మలను, పొద మొదలు దగ్గర లేచిన పిలకలను తీసివెయ్యి. వేసవి ఆరంభంలో మల్లెలాంటి తెల్లని పూలు వస్తాయి గనుక అప్పుడు కత్తెర పట్టుకుంటే ఆ ఏటి కాయను పోగొట్టుకున్నట్టే. గిల్లినచోటల్లా జిగురుపాలు కారతాయి. కోతకు ముందు చేతులకు నూనె రాసుకో.

పప్పులోకీ పచ్చడికీ గట్టి పచ్చి కాయలు కోసి, రెండుగా చీల్చి గింజ తీసి వాడాలి. కిళ్లీలో పెట్టే ఎర్రని చెర్రీ చాలాసార్లు పాకంలో నానిన ఈ వాక్కాయే! తినడానికైతే పూర్తిగా నల్లబడేదాకా చెట్టునే ఉంచు, కాకపోతే పిట్టలు నీకన్నా ముందే వస్తాయి.